పేద కుటుంబానికి సొంతిల్లు ఎక్కడ ఆగిపోతోంది?

ఉమ్మడి పాలమూరు (మహబూబ్‌నగర్), నల్లగొండ జిల్లాల్లో ఏ ఊళ్లోనైనా రేకుల షెడ్డులోనో, కూలడానికి సిద్ధంగా ఉన్న మట్టి మిద్దెలోనో ఉంటున్న కుటుంబాన్ని "ఇల్లు ఎందుకు కట్టుకోలేదు?" అని అడిగితే ముందు వచ్చే జవాబు "పైసలు లేవు" అనే. అది నిజమే. ఇంకాసేపు కూర్చుని మాట్లాడితే మాత్రం అసలు సంగతులు ఒక్కొక్కటిగా బయటికొస్తాయి. జాగా ఇంకా మామ పేరు మీదే ఉంది. ముగ్గురు అన్నదమ్ములు నోటిమాటగా పంచుకున్నారు, కాగితం రాసుకోలేదు. బ్యాంకుకు పోతే జీతం స్లిప్పు అడిగారు. ఇల్లు మంజూరైంది గానీ బేస్‌మెంట్ లేపడానికి చేతిలో రూపాయి లేదు.

పేదవాడి ఇంటికి నాలుగు మెట్లున్నాయి. మొదటిది జాగా, రెండోది ఆ జాగాకు చెల్లే కాగితం, మూడోది పని మొదలుపెట్టే డబ్బు, నాలుగోది మిగతా ఖర్చుకు భరించగలిగే వడ్డీకి అప్పు. కేంద్రమైనా రాష్ట్రమైనా ఇప్పుడు నడుపుతున్న పథకాల్లో ఎక్కువ భాగం మూడో మెట్టు మీదో నాలుగో మెట్టు మీదో నిలబడి చెయ్యి అందిస్తున్నాయి. మొదటి రెండూ ఎవరికి వాళ్లే ఎక్కి రావాలి. దక్షిణ తెలంగాణలో అందరికంటే పేద కుటుంబాలు ఆగిపోతున్నది సరిగ్గా అక్కడే.

ఐదు లక్షలు ఎవరికి అందుతున్నాయి

ఇందిరమ్మ ఇళ్ల పథకాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2024 మార్చి 11న భద్రాచలంలో ప్రకటించింది. 2025 ఫిబ్రవరి 21న నారాయణపేట జిల్లా అప్పక్‌పల్లిలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఇళ్లకు శంకుస్థాపన చేశారు. మొదటి విడతలో నియోజకవర్గానికి 3,500 ఇళ్ల చొప్పున, రాష్ట్రం చేతిలో ఉంచుకున్నవాటితో కలిపి మొత్తం 4.5 లక్షల ఇళ్లు లక్ష్యంగా పెట్టుకున్నారు. ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో 14, ఉమ్మడి నల్లగొండలో 12 నియోజకవర్గాలు ఉన్నాయి కాబట్టి ఈ లెక్కన రెండు ఉమ్మడి జిల్లాల వాటా 91,000 ఇళ్లు. చిన్న సంఖ్యేమీ కాదు.

ఇంటికి ఇచ్చేది 5 లక్షలు. అది నాలుగు దఫాలుగా వస్తుంది. బేస్‌మెంట్ పూర్తయ్యాక లక్ష, గోడలు లేచాక లక్షా 25 వేలు, స్లాబ్ పడ్డాక లక్షా 75 వేలు, అంతా అయిపోయాక చివరి లక్ష. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. వంటగది, మరుగుదొడ్డి తప్పనిసరి. మంజూరు ఇంటి ఆడమనిషి పేరు మీదే.

దీనికి ముందు రాష్ట్రంలో రెండు పథకాలు నడిచాయి. డబుల్ బెడ్రూం పథకంలో 560 చదరపు అడుగుల ఇంటిని ప్రభుత్వమే కట్టి, లబ్ధిదారు నుంచి రూపాయి తీసుకోకుండా ఇచ్చింది. ఇల్లు వచ్చినవాళ్ల బతుకు నిజంగానే మారింది. కాకపోతే ఒక్కో ఇంటికి ఖర్చు ఎక్కువ, కాంట్రాక్టర్లు ముందుకు రాకపోవడం, చాలాచోట్ల స్థలం దొరక్కపోవడం వల్ల అడిగినవాళ్లలో కొద్దిమందికే అందింది. 2023లో సొంత జాగా ఉన్నవాళ్లకు 3 లక్షలిచ్చే గృహలక్ష్మి పథకం వచ్చింది. ప్రభుత్వం మారాక 2024 మొదట్లో అది రద్దయింది. ఆ మంజూరు పత్రాలు పట్టుకుని పునాదులు తవ్వుకున్న కుటుంబాలు నిజంగా ఇబ్బంది పడ్డాయి. ఇళ్ల పథకం ఐదేళ్లకోసారి పేరు మార్చుకునేది కాకూడదని నేను గట్టిగా అనుకోవడానికి కారణం అదే.

మళ్లీ ఇందిరమ్మ ఇళ్ల దగ్గరికే వద్దాం. 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 దాకా ప్రజాపాలన కార్యక్రమంలో తీసుకున్న దరఖాస్తులను సర్వే చేసి మూడు జాబితాలుగా విడగొట్టారు. సొంత జాగా ఉండి ఇల్లు లేనివాళ్లు ఎల్-1. జాగా, ఇల్లు రెండూ లేనివాళ్లు ఎల్-2. మిగతావాళ్లు ఎల్-3. మొదటి విడత డబ్బంతా దాదాపుగా ఎల్-1 వాళ్లకే పోతుంది. ప్రభుత్వం వైపు నుంచి చూస్తే ఇందులో తప్పు పట్టడానికి లేదు. జాగా ఉన్నవాళ్లు రేపే ముగ్గు పోసుకోగలరు, పని త్వరగా కనిపిస్తుంది. పేదరికం వైపు నుంచి చూస్తే మాత్రం వరుస తలకిందులైంది. ఊళ్లో 60 గజాల జాగా ఉన్న కుటుంబం కంటే ఏమీ లేని కుటుంబానిది ఎక్కువ అవసరం. ఆ కుటుంబానికి ప్రభుత్వం ఇచ్చింది జాబితాలో ఒక పేరు, దాని పక్కన ఎల్-2 అనే గుర్తు.

జాగా సంగతి కొత్తదేమీ కాదు

1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే ముందు దళిత కుటుంబాలు అడిగింది 80 ఎకరాల భూమి. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని లేచారు, భూదానోద్యమం అక్కడ పుట్టింది. ఈ నేల మీద పేదల మొదటి కోరిక భూమేనని చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. భూదానం కిందో, ప్రభుత్వ పంపిణీ కిందో కొన్ని కుటుంబాలకు భూమి వచ్చింది. ఆ భూమిని పేదల చేతుల్లోంచి ఎవరూ లాక్కోకుండా 1977లో అసైన్డ్ (ప్రభుత్వం పేదలకు పంచిన) భూముల బదలాయింపు నిషేధ చట్టం తెచ్చారు. అప్పటి పరిస్థితుల్లో ఆ రక్షణ ఎంతో అవసరమైంది, ఇప్పటికీ అవసరమే. దాని రెండో ముఖం కూడా చూడాలి. అమ్ముకోవడానికి వీల్లేని భూమిని చూసి గృహరుణం ఇవ్వడానికి బ్యాంకు వెనకాడుతుంది. అప్పు తీరకపోతే వేలం వేసినా కొనేవాడికి హక్కు రాదన్నది దాని భయం. అసైన్డ్ జాగాలో ఉన్న కుటుంబానికి నెత్తి మీద కప్పు ఉంటుంది గానీ, ఆ కప్పును బాగుచేసుకోవడానికి బ్యాంకు అప్పు పుట్టదు.

ఇప్పుడు భూమి ధరల సంగతి. 65వ నంబరు జాతీయ రహదారి వెంట చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి వైపు, 44వ నంబరు రహదారి వెంట షాద్‌నగర్, జడ్చర్ల వైపు, రీజినల్ రింగ్ రోడ్డు పోయే ఊళ్లలో భూమి ధర హైదరాబాద్‌ను చూసి పెరుగుతోంది, ఆ ఊరి కూలిని చూసి పెరగడం లేదు. పత్తి ఏరడానికి పోయే మనిషి రోజు కూలికీ, ఆ పత్తిచేను పక్కనే వెంచర్‌లో గజం ధరకూ మధ్య దూరం ఏటేటా పెరిగిపోతోంది. పదేళ్ల కింద కూడబెట్టి కొనుక్కోగలిగిన జాగా ఇప్పుడు ఆ కుటుంబానికి అందదు. కాబట్టి కట్టుబడికి ఎంత సాయం చేసినా జాగా లేనివాళ్లకు అది దూరంగానే ఉంటుంది.

ప్రభుత్వం పేదలకు జాగా కొనివ్వడం కొత్త విషయమేమీ కాదు. ఉమ్మడి రాష్ట్రంలో ప్రైవేటు భూమి కొని ప్లాట్లు చేసి పంచిన కాలనీలు ఈ రెండు జిల్లాల్లోనూ కనిపిస్తాయి. 2013 భూసేకరణ చట్టం కూడా పేదల నివాసాన్ని ప్రజా ప్రయోజనంగా గుర్తిస్తోంది. ఇబ్బంది ఎక్కడంటే చవకగా దొరుకుతుందని ఊరికి దూరంగా, గుట్ట పక్కనో వాగు ఒడ్డునో కొంటారు. నీళ్ల పైపు రాదు, రోడ్డు రాదు, పట్టా చేతికొచ్చినా ఎవరూ కట్టుకోరు. మహబూబ్‌నగర్ బయట దివిటిపల్లిలో కట్టిన డబుల్ బెడ్రూం కాలనీలాంటివి చూసినప్పుడు ఎవరికైనా తట్టే మొదటి ప్రశ్న, పొద్దున్నే టౌన్‌లో కూలి అడ్డా మీద నిలబడాల్సిన మనిషి, నాలుగిళ్లలో పాచిపని చేసే అమ్మ ఇక్కణ్నుంచి రోజూ ఎట్లా వచ్చిపోతారు అన్నది. ఇంటి విలువలో సగం అది ఉన్న చోటుదే.

గ్రామ కంఠంలో ఇల్లు, చేతిలో ఇంటి పన్ను రసీదు

జాగా ఉన్నవాళ్ల కష్టం వేరే. ఊరి పాత ఇళ్లున్న ప్రాంతం రెవెన్యూ రికార్డుల్లో గ్రామ కంఠం. పొలానికి ఉన్నట్టు ఇంటింటికీ విడిగా సర్వే నంబరు, పట్టాదారు పేరు అక్కడ ఉండవు. తాతల నాటి ఇంటికి కుటుంబం దగ్గర సాధారణంగా ఉండేవి పంచాయతీ ఇచ్చిన ఇంటి నంబరు, ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు. ఇవన్నీ ఆ ఇంట్లో ఉంటున్నారని చెప్పే కాగితాలు. ఆ ఇల్లు వాళ్లదేనని చెప్పే కాగితాలు కావు. పన్ను కట్టినంత మాత్రాన యాజమాన్య హక్కు రుజువైనట్టు కోర్టులు కూడా ఒప్పుకోవు.

ఒక ఇంటిని ఊహించుకోండి. నకిరేకల్ దగ్గరో, మక్తల్ దగ్గరో 180 గజాల పాత ఇల్లు. తాత పోయారు, నాన్న పోయారు. రసీదు ఇప్పటికీ తాత పేరు మీదే వస్తోంది. ముగ్గురు కొడుకులు మధ్యలో మట్టిగోడలు లేపుకుని చెరో 60 గజాల్లో ఉంటున్నారు. నడిపి కొడుకు భార్య పేరు మీద ఇల్లు మంజూరైంది. ఇప్పుడు ఆ 60 గజాలు వీళ్లవేనని చూపించాలంటే అన్నదమ్ముల మధ్య పంపకం దస్తావేజు రాసుకుని రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. వంద రూపాయలకు మించిన స్థిరాస్తి అమ్మకం, బహుమతి, రాతపూర్వక పంపకం రిజిస్టర్ కావాలన్నది 1908 రిజిస్ట్రేషన్ చట్టం నాటి నుంచీ ఉన్న నియమం. పంపకంలో ఆడపిల్లలకూ వాటా ఉంటుంది, వాళ్ల సంతకాలూ కావాలి. ఒక అక్క పుణేలో ఉంటుంది, ఇంకో చెల్లెలితో మాటల్లేవు. అదే గోడ మీద పెద్దన్నకూ తమ్ముడికీ పేచీ. ఈ టెన్షన్ ఎందుకని చాలామంది స్టాంపు కాగితం మీద రాసుకుని నోటరీ చేయించి సరిపెట్టుకుంటారు. నోటరీ సంతకాలకు సాక్ష్యం అవుతుంది గానీ హక్కు తెచ్చిపెట్టదు. రేపు అప్పుకు పోయినా అమ్మకానికి పోయినా ఆ కాగితం అడ్డం తిరుగుతుంది.

గ్రామ కంఠం ఇళ్లను డ్రోన్లతో కొలిచి ఇంటింటికీ ప్రాపర్టీ కార్డు ఇవ్వడానికి కేంద్రం 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ పథకం మొదలుపెట్టింది. తెలంగాణ అందులో పైలట్ దశ వరకే పాల్గొంది. 2020 అక్టోబరు 29న వచ్చిన ధరణి భూ రికార్డుల పోర్టల్ మన దగ్గర ప్రధానంగా సాగుభూమి కోసం పనిచేసింది. 2025 ఏప్రిల్ 14న మొదలైన భూభారతి చట్టంలో ఆబాదీ (ఊరి నివాస భూమి), గ్రామ కంఠం ఇళ్లకు కూడా హక్కుల రికార్డు తయారు చేసే వీలు పెట్టారు. నా లెక్కలో పేదల ఇళ్ల విషయంలో ఈ మధ్యకాలంలో వచ్చిన మార్పుల్లో ఇది చాలా ముఖ్యమైంది. ఐదు లక్షల సాయం ఒక తరానికి ఒకసారి వస్తుంది. ఇంటి మీద చెల్లే కాగితం ఉంటే ఆ కుటుంబం అవసరమైనప్పుడల్లా బ్యాంకు గడప తొక్కగలదు. చట్టంలో రాసుకోవడంతో పని అయిపోదు. సర్వేయర్లు ఊళ్లోకి రావాలి, గొలుసు పట్టాలి, అందరి ముందూ హద్దులు చదవాలి.

పట్టణాల్లో ఉన్నవాళ్ల కాగితం బాధ ఇంకో రకం. నల్లగొండ, మిర్యాలగూడ, వనపర్తి, గద్వాల చుట్టూ అనుమతి లేని వెంచర్లలో చిన్న ఉద్యోగులు, ఆటో డ్రైవర్లు, హమాలీలు చిట్టీలు పాడి మరీ ప్లాట్లు కొన్నారు. 2020లో ఇలాంటి ప్లాట్లను ఫీజు కట్టించుకుని క్రమబద్ధీకరించే ఎల్ఆర్ఎస్ తెచ్చినప్పుడు రాష్ట్రవ్యాప్తంగా 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయంటేనే ఎంతమంది ఇట్లా చిక్కుకున్నారో అర్థమవుతుంది. ఏళ్ల తరబడి అవి కదల్లేదు. 2025లో ఫీజులో 25 శాతం రాయితీ ఇచ్చాక కొంత ఊపు వచ్చింది. ప్రభుత్వ జాగాలో గుడిసె వేసుకున్న పేదలకు 125 గజాల దాకా ఉచితంగా క్రమబద్ధీకరించే 58వ నంబరు జీవో 2014 చివర్లోనే వచ్చింది. పట్టణాల్లో 75 గజాల్లోపు జాగాలో ఇల్లు కట్టుకునేవాళ్లకు ఆన్‌లైన్‌లో ఇంటి అనుమతులిచ్చే టీజీబీపాస్‌లో అనుమతి అవసరం లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. ఇది చాలామందికి తెలియదు. తెలియక దళారికి వేలు ఇచ్చుకుంటారు.

మొదటి లక్ష ఎవరు పెట్టాలి

కాగితం సరే, ఇల్లు మంజూరైంది అనుకుందాం. బేస్‌మెంట్ పూర్తయితేనే మొదటి లక్ష వస్తుంది కదా. ఆ బేస్‌మెంట్ ఎట్లా అవుతుందో చూడండి. ముందు పాత ఇల్లు కూల్చాలి. ఊళ్లో చాలామందికి వేరే జాగా ఉండదు, మట్టి మిద్దె ఉన్నచోటే కొత్తది కట్టాలి. సామాన్లు తీసి పక్కింటి వసారాలోనో టార్పాలిన్ కిందో పెట్టుకుంటారు, లేదా అద్దెకు పోతారు. ముగ్గు పోసి, జేసీబీ పెట్టించి గుంతలు తీయించాలి. సలాక, కంకర, సిమెంటు తేవాలి, పిల్లర్లు లేపాలి, ప్లింత్ బీమ్ పోయాలి, ట్రాక్టర్లతో మొరం నింపాలి. మేస్త్రీకి శనివారం శనివారం కూలి ఇవ్వాలి. ఇదంతా అయ్యాక పంచాయతీ కార్యదర్శి వచ్చి ఫొటో తీసి యాప్‌లో ఎక్కిస్తారు, అధికారులు పరిశీలిస్తారు, ఆ తర్వాత బిల్లు పడుతుంది. ఆధార్‌లో పేరు ఒక అక్షరం తేడా ఉన్నా, బ్యాంకు ఖాతా లింకు కాకపోయినా అక్కడ ఆగుతుంది.

అప్పటిదాకా డబ్బు ఎక్కణ్నుంచి? పుస్తెలతాడు కుదువ పెట్టిన డబ్బు, లేదా నూటికి రెండు రూపాయల వడ్డీ. లక్షన్నర తెస్తే నెలకు మూడు వేలు వడ్డీకే పోతుంది. ఇల్లు పూర్తయ్యేసరికి పది నెలలు పట్టిందనుకుంటే 30 వేలు. ప్రభుత్వం ఇచ్చిన సాయంలో అంత భాగం వడ్డీ వ్యాపారి చేతికి పోయినట్టే. అప్పు పుట్టనివాళ్లు అసలు ముగ్గే పోయరు. మంజూరైనా మొదలుపెట్టలేదని వాళ్ల పేరు వెనక్కి పోయి, కాస్త కలిగిన కుటుంబానికి అవకాశం పోతుంది. ఈ పథకంలో పేదల్లోకెల్లా పేదలు రాలిపోయే చోటు ఇదే.

ఇది ప్రభుత్వానికి తెలియక కాదు. చేతిలో డబ్బు లేనివాళ్లకు మహిళా సంఘాల నుంచి లక్ష రూపాయల దాకా రుణం ఇప్పించే ఏర్పాటు చేశారు. ఇసుక ఉచితంగా ఇస్తామన్నారు. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. మఠంపల్లి, మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీల పక్కనే ఉండి కూడా బస్తా కొనడానికి వెనకాముందాడే కుటుంబానికి అది కొంత ఊరట. సంఘం రుణం మంచి దారే. అయితే సంఘంలో సభ్యురాలు కాని ఒంటరి మహిళ, పాత బాకీ ఉన్న అక్క, వలస పోయి సంఘం మీటింగులకు రాలేకపోయిన చెల్లె అందులోంచి జారిపోతారు. మొదటి లక్షలో కనీసం సగం ముగ్గు పోసిన రోజే ఇవ్వాలన్నది నా అభిప్రాయం. గుంత తీసినా తీయకపోయినా డబ్బు ఖర్చు పెట్టుకుంటారన్న అనుమానానికి ఆధారం ఉంది. 2006లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఇందిరమ్మ పథకంలో కట్టని ఇళ్లకు బిల్లులు లేపారని తెలంగాణ వచ్చాక సీఐడీ విచారణ దాకా పోయింది. కానీ ఇప్పుడు ఫొటో, జీపీఎస్, నేరుగా ఖాతాలోకి డబ్బు అన్నీ ఉన్నాయి. అప్పటి భయంతో ఇప్పటి పేదను ఆపడం సరి కాదు.

600 చదరపు అడుగుల పరిమితి మీద కూడా ఊళ్లలో చాలా బాధ ఉంది. "బతుకులో ఒక్కసారి కట్టేది, కొంచెం పెద్దగా కట్టుకుంటే ఏం?" అని పునాది పెద్దగా తీసినవాళ్లకు బిల్లు ఆగింది. సాయం పేదలకే అందాలి, అప్పుల్లో కూరుకుపోకూడదు అన్న ఉద్దేశం నాకు అర్థమవుతుంది. చేనేత ఇళ్ల విషయంలో మాత్రం ఈ కొలత సరిపోదు. పోచంపల్లి, కొయ్యలగూడెం, గద్వాల, నారాయణపేటల్లో ఇల్లంటే పని చేసే చోటు కూడా. గుంట మగ్గం ఒక గదిని నింపేస్తుంది. ఆసు పోయడానికి (నేతకు ముందు నూలు పోగులు వరుసగా చుట్టుకోవడానికి), రంగులద్దిన నూలు ఆరబెట్టుకోవడానికి ఇంకో చోటు కావాలి. నేతకారులకు మగ్గం గదిని లెక్కలోంచి తీసేసి మిగతా ఇంటికి ఈ పరిమితి పెడితే సరిపోతుంది.

బ్యాంకు లెక్కలో కూలిమనిషి

పట్టణాల్లో సొంత జాగా లేక, పథకం కోసం ఎదురుచూడలేక చిన్న ఇల్లు కొనుక్కుందామనుకునే కుటుంబాలకు బ్యాంకే దారి. మిర్యాలగూడలో ఒక జంట అనుకుందాం. ఆయన రైసుమిల్లులో హమాలీ, ఆమె ఇంట్లో బట్టలు కుడుతుంది. ఇద్దరికీ కలిపి నెలకు 25 వేలు వస్తాయి, కానీ ఖాతాలో కనపడేది 9 వేలే, మిగతాదంతా చేతికి నగదు. చూపించగలిగిన ఆదాయంలో సుమారు సగాన్ని కిస్తీకి లెక్కేస్తే నాలుగున్నర వేలు. 9 శాతం వడ్డీకి 20 ఏళ్లకు లక్షకు దాదాపు 900 కిస్తీ కాబట్టి అప్పు 5 లక్షల దగ్గర ఆగిపోతుంది. అదే 25 వేలూ ఖాతాలో కనపడి, నెలకు 4 వేల మైక్రోఫైనాన్స్ కిస్తీ పోయినా ఇంకా తొమ్మిది లక్షలకు పైనే వచ్చేది. ఆదాయం అదే, మనుషులు వాళ్లే. నగదు ఖాతాలో పడకపోవడం వల్ల ఇల్లు సగానికి తగ్గిపోయింది.

బ్యాంకు కాదంటే హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ ఉంది. వాళ్లు ఇంటికి వచ్చి, మిషన్ చూసి, మిల్లులో అడిగి ఆదాయం అంచనా వేస్తారు. ఆ పని బ్యాంకులు చేయవు కాబట్టి వాళ్ల అవసరం ఉంది. వడ్డీ మాత్రం బరువు. 10 లక్షలకు 15 ఏళ్ల గడువులో 9 శాతమైతే నెలకు సుమారు 10,140 కట్టాలి, 14 శాతమైతే 13,320. గడువు మొత్తం మీద తేడా ఐదున్నర లక్షలు దాటుతుంది. ఒక ఇందిరమ్మ ఇంటి సాయం కంటే ఎక్కువ.

చేతిలో పెట్టుకోవాల్సిన డబ్బు సంగతి కూడా ముందే తెలుసుకోవాలి. అప్పు 30 లక్షల లోపైతే ఇంటి ధరలో 90 శాతం దాకా ఇవ్వొచ్చని రిజర్వు బ్యాంకు నియమం. 12 లక్షల ఇల్లైతే మిగతా లక్షా 20 వేలు మనవే. తెలంగాణలో 2021 జులై నుంచి స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులు కలిపి 7.5 శాతం, అంటే ఇంకో 90 వేలు. ఇంటి ధర 10 లక్షలు దాటితే ఈ ఖర్చును అప్పులో కలపడానికి వీల్లేదు. ఇవి కాక లాయరు అభిప్రాయం, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే కాగితం), ప్రాసెసింగ్ ఫీజు. పేద, దిగువ మధ్యతరగతి వాళ్లు కొనే మొదటి చిన్న ఇంటికి, అదీ ఆడవాళ్ల పేరు మీదైతే, రిజిస్ట్రేషన్ ఖర్చు బాగా తగ్గిస్తే ఖజానాకు పోయేది కొంచెమే, కుటుంబానికి మిగిలేది ఒక ఏడాది కష్టం.

2024 సెప్టెంబరు 1న మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ రెండో దశలో వడ్డీ రాయితీ మళ్లీ తెచ్చారు. ఏడాదికి 9 లక్షల లోపు ఆదాయం ఉండి, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేని కుటుంబం 35 లక్షల లోపు ఇంటికి 25 లక్షల లోపు రుణం తీసుకుంటే మొదటి 8 లక్షల మీద 4 శాతం రాయితీ వస్తుంది. గరిష్ఠంగా లక్షా 80 వేలు, ఐదు వార్షిక కిస్తీల్లో రుణ ఖాతాలో పడుతుంది. మున్సిపాలిటీల్లో ఇల్లు కొనేవాళ్లు బ్యాంకులో దీని గురించి అడిగి తీరాలి, వాళ్లంతట వాళ్లు చెప్తారని ఎదురుచూడొద్దు. అయితే ఈ రాయితీ కూడా రుణం దొరికినవాళ్లకే.

సర్వే రోజు తాళం వేసి ఉన్న ఇళ్లు

దేశంలో ఎన్నో ప్రాజెక్టుల, భవనాల పునాదుల్లో పాలమూరు లేబర్ చెమట ఉంది. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ముంబై, పుణే, హైదరాబాద్ పోయే కుటుంబాలు పండక్కో, తొలకరికో ఊరికి తిరిగొస్తాయి. గ్రామసభ జరిగినప్పుడు, ఇందిరమ్మ కమిటీ ఇల్లిల్లూ తిరిగినప్పుడు వాళ్ల ఇంటికి తాళం ఉంటుంది. దేవరకొండ, చందంపేట తండాల్లోనూ ఇదే పరిస్థితి. ఊళ్లో లేరు కాబట్టి అవసరం లేదని రాసేస్తే, ఎవరికి ఇల్లు అందరికంటే ఎక్కువ అవసరమో వాళ్లే జాబితాలో లేకుండా పోతారు.

రేషన్ కార్డు ఇంకో చిక్కు. ఏళ్ల తరబడి కొత్త కార్డులు రాకపోవడంతో పెళ్లయి వేరుపడిన జంటలు అమ్మానాన్నల కార్డులోనే ఉండిపోయారు. రికార్డు ప్రకారం వాళ్లంతా ఒకే కుటుంబం, ఆ కుటుంబానికి ఒక ఇల్లు ఉంది. 2025 జులై 14న సూర్యాపేట జిల్లా తిరుమలగిరిలో కొత్త కార్డుల పంపిణీ మొదలైంది. కార్డు వచ్చిన జంటలు ఇల్లు లేని కుటుంబాలుగా మళ్లీ దరఖాస్తు పెట్టుకునే అవకాశం ఉండాలి, పాత సర్వేనే పట్టుకుని కూర్చోకూడదు.

నల్లమల అడవిలో చెంచుల చిన్న ఆవాసాలైన పెంటలది ఇంకా లోతైన కథ. 2023 నవంబరు 15న మొదలైన పీఎం జన్‌మన్‌లో చెంచుల్లాంటి ఆదిమ గిరిజనులకు ఇంటికి 2 లక్షలు కేటాయించారు. పులుల అభయారణ్యం లోపల ట్రాక్టర్ పోని దారిలో కంకర, సిమెంటు చేర్చడానికే అందులో ఎంత పోతుందో అమ్రాబాద్ వైపు వెళ్లి చూసినవాళ్లకు తెలుసు. మైదానం రేటుతో అడవిలో ఇల్లు లేవదు.

ఇక చేయాల్సింది ఏమిటి అంటే నేను జాగా నుంచే మొదలుపెడతాను. ప్రతి పంచాయతీలో ఎల్-2 జాబితాను గ్రామసభలో బయటికి చదవాలి. ఊరికి ఆనుకుని ఎంత ప్రభుత్వ భూమి ఉందో, ఎంత కొనాల్సి వస్తుందో అదే సభలో తేల్చాలి. ఒక్కో కుటుంబానికి 75 గజాలు అనుకున్నా ఎకరంలో రోడ్లు పోను 40 ఇళ్ల దాకా వస్తాయి. చాలా ఊళ్లకు ఒకటి రెండు ఎకరాలే సరిపోవచ్చు. ఆ ప్లాట్లు కూలి పనికి నడిచిపోయే దూరంలో ఉండాలి, పట్టా ఇచ్చే ముందే నీళ్లు, కరెంటు, దారి రావాలి. గ్రామ కంఠం సర్వే ఎల్-1 జాబితా ఎక్కువగా ఉన్న మండలాల నుంచి మొదలవ్వాలి.

కుటుంబాలు కూడా పథకం వచ్చేదాకా ఆగకుండా కొన్ని పనులు ఇప్పుడే చేసుకోవచ్చు. ఇంటి పన్ను రసీదు ఇంకా తాత పేరు మీద ఉంటే పంచాయతీలో అర్జీ పెట్టి వారసుల పేరుకు మార్పించుకోండి. అన్నదమ్ముల పంపకం మాటమీద ఉన్నప్పుడే, మాట చెడకముందే, అక్కచెల్లెళ్ల సంతకాలతో రిజిస్టర్ చేయించుకోండి. కూలి డబ్బులో కొంతైనా నెలనెలా ఖాతాలో వేస్తూ పోండి, రెండేళ్ల తర్వాత బ్యాంకు మేనేజరు ముందు అదే మీ జీతం స్లిప్పు. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ మూడింట్లోనూ ఇంటి ఆడమనిషి పేరు ఒకేలా ఉందో లేదో ఈ వారమే చూసుకోండి. గ్రామసభ జరిగే రోజు కార్యదర్శిని అడిగి, మీ పేరు ఏ జాబితాలో ఉందో, ఎందుకు ఆ జాబితాలో పెట్టారో రాతపూర్వకంగా తీసుకోండి.